బతూల్ రొట్టె

మా సందులో బతూల్ అంటే అందరికీ ఇష్టమే, నాకు తప్ప.

ఆమెకు యాభై దాటాయి. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. మా సఫ్రూ ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళలాగే పొడుగు అంగీలకు పట్టు గుండీలు అల్లుతుంది. గుమ్మంలో గొర్రెతోలు పరుచుకుని, వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని, పొద్దున్నుంచీ సూది ఆడిస్తూనే ఉంటుంది. కోపం రాదు, గొంతు లేవదు. అలాంటి మనిషిని చూసి కళ్ళలో నిప్పులు పోసుకోవడం పాపమని నాకూ తెలుసు. కానీ ఆమె నా పిల్లలిద్దరినీ ఎత్తుకుపోయింది. ఎదురింటికే అనుకోండి, అయినా ఎత్తుకుపోవడమే.

అన్వర్‌కు ఐదేళ్ళు, షామాకు మూడు. మా ఇంట్లో అన్వర్ పప్పు చారు సగం తాగి, మిగిలింది వాళ్ళ నాన్న బూటులో పోస్తాడు. షామా పిల్లికి నల్లసబ్బు పట్టించి, నీళ్ళు పోసే వేళకు నిద్రొస్తోందని వెళ్ళిపోతుంది. ఆ పిల్లి నా పరుపులన్నీ తొక్కుతుంది. ఇదే పిల్లలు బతూల్ దగ్గర కుక్కిన పేనుల్లా కూర్చుని, ఎర్ర దారం ఎర్రదాంతో, పచ్చ దారం పచ్చదాంతో జతచేసి పెడతారు. పెట్టింది తింటారు. తిన్న గిన్నె కడుగుతామని కొట్టుకుంటారు. సందులో వాళ్ళు “ఎంత బుద్ధిమంతులమ్మా నీ పిల్లలు” అన్నప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది.

అన్నిటికన్నా నన్ను కాల్చింది రొట్టె. ఇక్కడ ఎవరి రొట్టె పిండి వాళ్ళే పిసికి, కలిసిపోకుండా గుర్తు వేసి, పలక మీద పెట్టి, కాల్పించడానికి అల్లాల్ తాత బట్టీకి పట్టుకెళతాం. నా గుర్తు ఫోర్కుతో మూడు పోట్లు. బతూల్ గుర్తు వేలి తొడుగు నొక్కిన గుండ్రటి ముద్ర. నా పిల్లలు రొట్టె తిప్పి చూసేవాళ్ళు.

“దీనికి పోట్లున్నాయి,” అని పక్కకి తోసేవాడు అన్వర్.

“గుండ్రం లేదు,” అని వంతపాడేది షామా.

అదే గోధుమ పిండి, అదే బట్టీ. పైగా నేను సోంపు కూడా వేస్తాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆ పుల్లకూర నా పిల్లల నోటికే తగలాలా?

పొద్దుగూకే నమాజు పిలుపు వినబడగానే ఇంటికి రావాలని వాళ్ళకు నేను పెట్టిన కట్టడి. ఏ రోజూ వేళకు రారు. వచ్చినా షామా ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వస్తుంది.

“రెండోదేదే?”

“పారిపోయింది.”

“చెప్పు పారిపోతుందటే?”

“దానికీ అక్కడే బాగుందేమో అమ్మా,” అన్నాడు అన్వర్.

నాలుగు తగిలించబోయి ఆగాను. తెల్లారేసరికి ఆ చెప్పు బతూల్ గుమ్మంలోనే ఉంటుంది. రోజూ ఇదే తంతు.

ఒకరోజు తల దువ్వుతుంటే షామా నా మోకాళ్ళ మధ్య నుంచి పైకి చూసి, “అమ్మా, మేం బతూల్ పెద్దమ్మింట్లో ఉంటాం. నువ్వు పండక్కి రా. కొత్త బట్టలేసుకుని రా,” అంది. ఎంత ప్రేమగా పిలిచిందో! దువ్వెన అక్కడే పడేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడే బజారుకు వెళ్ళి ఒక ఇత్తడి తొడుగు కొన్నాను. నా రొట్టెల మీద బతూల్ ముద్ర నొక్కాను. పిల్లలు లొట్టలేసుకుంటూ తింటారు, తిన్నాక ఇది మీ అమ్మ చేసిందిరా అని చెబుతాను, వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి నా ఒళ్ళోకి వచ్చి పడతారు. అదీ నా ఎత్తు.

అల్లాల్ తాత నా పలక చూసి, “ఏమ్మా, ఇవాళ బతూల్ రొట్టె నువ్వు తెచ్చావా?” అన్నాడు.

“నీ పని నువ్వు చూసుకో తాతా,” అన్నాను.

మధ్యాహ్నం రొట్టెలు తెచ్చాను. అన్వర్ ముద్ర చూశాడు, కళ్ళు మెరిశాయి. ఇద్దరూ చెరో సగం తిని, గుడ్డ మీద రాలిన ముక్కలు కూడా ఏరుకున్నారు.

“రొట్టంటే ఇదమ్మా!” అన్నాడు వాడు.

నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. పిల్లలకు తర్వాత చెప్పొచ్చు, ముందు బతూల్ మొహం చూడాలి. మిగిలిన రొట్టె పట్టుకుని సందు దాటాను.

బతూల్ ముందు టీ గ్లాసు, తుంచిన రొట్టె ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది.

“రా నజీహా, కూర్చో. ఇవాళ నా రొట్టెలో సోంపు మొలిచిందే.”

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. రెండు పలకల మీదా ఒకే ముద్ర ఉంటే అల్లాల్ తాత మాత్రం ఏం చేస్తాడు? నాది ఆమెకిచ్చాడు, ఆమెది నాకిచ్చాడు. నా పిల్లలు ముక్కలు ఏరుకుని మరీ తిన్నది మళ్ళీ బతూల్ రొట్టే.

“ఎందుకు చేశావే ఈ పని?” అంది, నెమ్మదిగానే.

“కుళ్ళక్కా. కుళ్ళుతో చేశా. నా పిల్లలు నా ఇంటికే చుట్టాల్లా వచ్చి పోతున్నారు. నన్ను పండక్కి రమ్మంటున్నారు. నువ్వేం పెడుతున్నావో, ఏం చెబుతున్నావో నాకు తెలీదు. నిన్ను చూస్తేనే కడుపు మండిపోతోంది.”

ఆమె వేలి తొడుగు తీసి పక్కన పెట్టింది. తర్వాత వెనకున్న దిండు కింద చెయ్యి పెట్టి నీలం రంగు చిన్న చెప్పు తీసింది. నిన్న సాయంత్రం పారిపోయిన చెప్పు. ఇవాళ పొద్దున గుమ్మంలో పెట్టడం మర్చిపోయినట్టుంది.

“ఇది నేనే దాస్తా. రోజూ.”

“నువ్వా! ఎందుకూ?”

“పిలుపు వినబడితే చాలు, చేతిలో ముద్ద వదిలేసి లేచిపోతారే. ‘అమ్మ చూస్తుంటుంది’ అంటారు. తేనె పెట్టినా అంతే, బాదంపప్పు పెట్టినా అంతే. చెప్పు వెతుక్కునేంతసేపైనా ఉంటారు కదా అని.” ఆమె ఆ చెప్పు నా చేతిలో పెట్టింది. “పొద్దున వాళ్ళు ఇటు పరిగెత్తుకొస్తారని నీకు కుళ్ళు. సాయంత్రం ఒక్కరోజన్నా నిన్ను మర్చిపోరేంటని నాకు కుళ్ళు.”

నేనూ కూర్చుని ఒక ముక్క తుంచుకున్నాను.

“నీ రొట్టె బానే ఉందే,” అంది. “ఉప్పు కాస్త ఎక్కువ.”

ఆ ఉప్పు మాట అనకపోతే ఆమెను అప్పుడే క్షమించేసేదాన్ని.

నా కుళ్ళు పోయిందని చెప్పను. నేనే ఆ చెప్పు షామాకు తొడిగి పంపినా, ఆ రోజు సాయంత్రం కూడా తలుపు దగ్గర నిలబడి, ఎదురింట్లోంచి వస్తున్న నవ్వులు వింటూ పళ్ళు కొరుక్కున్నాను. పిలుపు వినబడింది. పిల్లలు రాలేదు. కేకేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను. చాలాసేపటికి అన్వర్ ముందు, షామా వెనక వచ్చారు. షామా కుంటుతోంది.

“రెండోదేదే?”

“పారిపోయింది,” అంది, దెబ్బకు సిద్ధపడి తల వంచుకుంటూ.

“పోనీలే, రేపు అదే వస్తుంది,” అన్నాను. దుమ్ము కొట్టుకుపోయిన ఆ చెప్పులేని కాలు కడిగి లోపలికి ఎత్తుకెళ్ళాను.