ఎద్దు లేచేదాకా

మ్యాచ్ మొదలయ్యే ముందు కరక్కాయ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ వగరు నాలుక మీదికి దిగేసరికి ముఖం ముడుచుకుపోతుంది. మేకప్ చేసే అమ్మాయి రోజూ నవ్వుతుంది, "ఇంత పెద్ద ఛానెల్లో ఉండి ఆ చెక్కముక్క నమలడమేంటి మేడమ్?" అని. నిజమే, గొంతు కోసం ఇక్కడ మాత్రలున్నాయి, తేనె కలిపిన వేడినీళ్ళున్నాయి. కానీ ఆ వగరు తగిలితేనే నాకు గురజాల దగ్గర మా ఊరి తిరునాళ్ళ దుమ్ము వాసన, వెదురు బొంగుకు కట్టిన మైకు గొట్టం కీచుమనడం, దాని వెనకే "హలో, హలో" అంటూ కంచు మోగినట్టు వచ్చే ఒక గొంతు గుర్తొస్తాయి. అవి గుర్తొస్తేనే నా గొంతు పెగులుతుంది. ఆ గొంతు కోటయ్య బాబాయ్‌ది.

ఆయన మాకు చుట్టం కాదు. మా వీధిలోనే ఇల్లు, కాబట్టి బాబాయ్. మిరపా పత్తీ పండించే ఆసామి. పొలంలో ఎంత కష్టపడేవారో నాకు తెలియదు గానీ, మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఎక్కడ ఎడ్ల బండలాగుడు పోటీ జరిగినా మైకు దగ్గర మాత్రం ఆయనే ఉండాలి. పోటీ అంటే తెలియని వాళ్ళకు చెబుతాను: ఒంగోలు ఎడ్ల జతకు పెద్ద రాతిబండ కడతారు. ఇచ్చిన సమయంలో ఆ బండను ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది బహుమతి. ముందు వరసలో నిలబడ్డ మగవాళ్ళకు తప్ప ఇంకెవరికీ దుమ్ములో ఏమీ కనపడేది కాదు. మేడల మీద ఆడవాళ్ళూ, గుంపు వెనక ముసలివాళ్ళూ ఆ పోటీని చూసింది కోటయ్య బాబాయ్ నోటితోనే. "వెల్దుర్తి వారి జత వస్తోంది, ఆ నడక చూడండి! అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఎంత బిగుసుకొని నడుస్తోందో చూడండి!" అంటే, చూడలేని వాళ్ళే ముందు నవ్వేవారు.

మనిషిలో మచ్చుకైనా అణకువ లేదు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, ఒంటి మీద అత్తరు, మైకు చేతిలో ఉంటే భోజనం కూడా గుర్తుకు రాదు. ఒకసారి సర్పంచ్‌గా పోటీ చేశారు. ప్రచారం రిక్షాలో మైకు తనే పట్టుకున్నారు, ఇంకొకరికి ఇస్తేగా! పోయి పోయి అవతలి అభ్యర్థి ఇంటి ముందు నుంచి వెళుతుంటే, కొట్టంలో కొత్తగా కొన్న గిత్తలు కనిపించాయి. అంతే, ఓట్ల సంగతి మరిచిపోయి, "అబ్బబ్బ, ఏం జత! ఈ జతను తెచ్చిన చెయ్యి బంగారం కానూ!" అని వీధి వీధంతా వినపడేట్టు పొగిడేశారు. ఊరి జనం ఆయన మాట కాదనలేక ఆ బంగారు చేతికే ఓట్లేశారు. "మా ఆయన్ని ఓడించింది ఆయన మైకే" అని రమణమ్మ పిన్ని ఎన్నేళ్ళయినా చెప్పి నవ్వేది. ఆయనా పక్కన కూర్చుని నవ్వేవారు, "జత మాత్రం మంచిదేనే" అంటూ.

తిరునాళ్ళలో ఎడ్ల పోటీలతో పాటు కబడ్డీ కూడా పెట్టేవారు. నేను మాచర్లలో డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టుకు ఆడేదాన్ని. కాళ్ళలో ఎంత బలముందో నోట్లో అంతకు రెట్టింపు ఉండేది. కూతకెళ్ళే ముందే అవతలి జట్టుని మాటలతో ఓడించి, ఆ తర్వాత చేత్తో ముట్టుకునేదాన్ని. ఆ ఏడాది ఫైనల్లో కూతకెళ్ళినప్పుడు ముగ్గురు కలిసి పట్టేశారు. వాళ్ళ కింద నా మోకాలు తిరిగిపోయింది. కళ్ళ ముందు చుక్కలు. చుట్టూ అరుపులు, పైనుంచి బాబాయ్ గొంతు. ఉన్నట్టుండి ఆ గొంతు ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. జనం కూడా అదే అనుకుని గొట్టాల వైపు తలలెత్తి చూశారు. చూస్తూ చూస్తూ ఒక్కొక్కరే నోళ్ళు మూశారు. తిరునాళ్ళలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అందులో నా ఊపిరి నాకు వినపడింది. అది విన్నాక, పరవాలేదు, బతికే ఉన్నాను అనిపించింది. చేతులు ఆనించి ఒంటికాలి మీద లేచాను. అప్పుడు పేలింది గొట్టం: "లేచింది! మన పిల్ల లేచింది!"

లేచానన్న మాటే గానీ, ఇక ఆట వద్దన్నాడు డాక్టరు. నేను మంచం మీద పడుకుని ఇంటిల్లిపాదినీ తిట్టడం మొదలుపెట్టాను. కబడ్డీ తప్ప నాకేమీ రాదు. ఆట పోతే నేనేమిటో నాకే తెలియలేదు. ఒక సాయంత్రం కోటయ్య బాబాయ్ కాగితం పొట్లంతో వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏమే శైలా, మోకాలు పోతే నోరు కూడా పోయిందా?"

"నువ్వు మైకెందుకు ఆపావు బాబాయ్? ఊరంతా నన్ను జాలిగా చూశారు" అన్నాను కోపంగా.

"జాలేంది? ఎద్దు కూలబడ్డప్పుడు మైకు మూసెయ్యాల. మా నాయన కాలం నించీ అంతే. పడ్డదానికి దాని ఊపిరి దానికి వినపడాల. అప్పుడే లేస్తది. మనం పైనించి అరిస్తే మన గోలే గాని, దాని ఊపిరి దానికేం వినపడుద్ది?"

"లేవకపోతే?"

"లేవకపోయినా అరవం. అప్పటిదాకా అది లాగిన దూరం ఉందిగా? ఆ దూరం గట్టిగా చెప్పి, మర్యాదగా పంపిస్తాం." పొట్లం విప్పి కరక్కాయ ముక్క నా చేతిలో పెట్టారు. "ఇది బుగ్గన పెట్టుకో. ఆ తిట్లేందో మైకులో తిడుదువు గాని. వచ్చే తిరునాళ్ళకి నా పక్కన కూచో."

ఆడపిల్లకి మైకేంది కోటయ్యా అని పెద్దమనుషులు గొణిగారు. "అది కబడ్డీ ఆడితే చూశారుగా, ఇప్పుడు మాట్లాడితే వినండి" అన్నారాయన, నోటి దగ్గర మైకు తియ్యకుండానే. ఆ మాట ఊరంతా విన్నాక ఇక ఎవరేం మాట్లాడతారు? రెంటచింతల ఎండలో, ఇనుప మైకు చెయ్యి కాలుస్తుంటే, ఆయన పక్కన కూర్చుని మాట నేర్చుకున్నాను. ఓడిపోతున్న జతను ఏమనాలో, గెలుస్తున్న జతకు ఎక్కడ పొగరు తగ్గించాలో అన్నీ నేర్పారు. ఒక్కటే నాకు ఎంతకీ రాలేదు, నోరు మూయడం.

హిందీలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే మాట్లాడే ఒక జాతీయ స్పోర్ట్స్ ఛానెల్, తెలుగులో కబడ్డీ చెప్పడానికి మనుషుల్ని వెతుకుతోందని తెలిస్తే హైదరాబాద్ వెళ్ళాను. ఎంపికయ్యాను. పెద్ద ఛానెల్ కదా అని గొప్పగా ఊహించుకున్నాను గానీ, మాకిచ్చింది పాత సామాన్లు పెట్టుకునే గది. శబ్దం బయటికి పోకుండా గోడలకు పరుపులు కొట్టారు. ఒక టీవీ, రెండు మైకులు, నేను, నా పక్కన సుధాకర్ అనే మాజీ ఆటగాడు. అదీ మొత్తం తెలుగు విభాగం. ముంబైలో కూర్చున్న మా హెడ్ హెడ్‌ఫోన్లో ఉండేవాడు. మొదటి రోజే రెండు ముక్కలు చెప్పాడు. ఈ ఒక్క సీజనే పరీక్ష, జనం చూడకపోతే తెలుగు మూసేస్తాం. రెండోది, మీ నోరు ఆగిందంటే చూసేవాడి చెయ్యి రిమోట్ మీదికి పోతుంది, అందుకని ఆపొద్దు. కబడ్డీలో కూత ఆపితే ఔటు, ఇక్కడా అంతేనని సర్దుకున్నాను. మోకాలు పోయాక నాకు దొరికిన రెండో ఆట ఇది. దీన్నీ పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

మ్యాచ్ అయిపోయిన మరుక్షణం ఫోన్ మోగేది. "ఏంది ఆ గోల? మనిషికి సందియ్యవా?" అనేవారు బాబాయ్.

"సందిస్తే ఉద్యోగం పోద్ది బాబాయ్."

"అట్టయితే కానీ. ఎద్దు పడినప్పుడు మాత్రం చూసుకో."

ఫైనల్ రోజు పల్నాడంతా టీవీల ముందే ఉందని ఇంటి నుంచి కబురు. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, కాసేపట్లో ఆట అయిపోతుంది. గెలిపిస్తాడనుకున్న కుర్రాడు కూతకెళ్ళాడు. నలుగురు మీద పడ్డారు. వాళ్ళు లేచారు, వాడు లేవలేదు. మోకాలు పట్టుకుని ఉన్నాడు. ఆ పట్టుకోవడం నాకు తెలుసు. నా నోట్లో మాట తయారుగానే ఉంది. కానీ నా చెయ్యి వెళ్ళి మైకు మూసే మీట నొక్కేసింది. సుధాకర్ నోరు తెరవబోతే అతని మీటా నేనే నొక్కాను. హెడ్‌ఫోన్లో ముంబై కేకలు మొదలయ్యాయి, "మాట్లాడండి! ఏమైంది? మాట్లాడండి!" అని. నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. ఉద్యోగం పోయిందని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అయినా మైకు తెరవలేదు. మైదానం మైకులు పట్టిన వాడి ఊపిరి ఎదురుగా ఉన్న టీవీలోంచి సన్నగా వినపడుతోంది. వాడు ఒక చెయ్యి నేలకు ఆనించాడు. తర్వాత రెండో చెయ్యి. నిలబడ్డాడు. నేను మైకు తెరిచి, నాకున్న గొంతంతా పెట్టి, "లేచాడు!" అన్నాను.

ఆ కాసేపట్లో మా ఊళ్ళో జరిగింది ఆ రాత్రే రమణమ్మ పిన్ని ఫోన్లో చెబితే తెలిసింది. మాట ఆగిపోగానే ఇంటింటా టీవీ పాడైందనుకున్నారు. కొందరు టీవీ నెత్తిన చరిచారు, కొందరు వెనక వైర్లు పీకి పెట్టారు, కేబుల్ అతని ఫోన్‌కు ఊపిరాడలేదు. రిమోట్ ఉన్న ప్రతివాడూ సౌండ్ చివరిదాకా పెంచేశాడు. సరిగ్గా అప్పుడు నేను "లేచాడు!" అన్నాను. ఊరు అదిరిపోయింది. ఉయ్యాల్లో పిల్లలు ఏడుపందుకున్నారు, కట్టేసిన గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి, మజ్జిగ చిలుకుతున్న మా అమ్మ కవ్వం వదిలేసిందట. కోటయ్య బాబాయ్ ఇంట్లోనూ కుర్రాళ్ళు టీవీ విప్పడానికి స్క్రూడ్రైవర్ తెచ్చారు. ఆయన మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"కూచోండ్రా, టీవీకేం కాలా. మా పిల్ల మైకు మూసింది" అన్నారట.

మర్నాడు ముంబై నుంచి హెడ్ స్వయంగా వచ్చాడు. నేను సంచి సర్దుకునే వెళ్ళాను. ఆయన కంప్యూటర్ తెరిచి, ఎంతమంది చూస్తున్నారో చెప్పే గీత ఒకటి చూపించాడు. ఆ కాసేపు తెలుగులో ఒక్కరు కూడా ఛానెల్ మార్చలేదట. "నీ మౌనం వాళ్ళను కట్టి పడేసింది, ఇది గొప్ప ఆలోచన" అన్నాడు గంభీరంగా. ఛానెల్ మార్చడానికి మావాళ్ళ చేతులు ఖాళీగా ఉంటేగా! సగం మంది టీవీ వెనక ఉన్నారు, మిగతా సగం సౌండు పెంచుతున్నారు. ఆ మాట నేను చెప్పలేదు. తంతే బూరెల బుట్టలో పడ్డాను, లేచి వచ్చేయడానికి నాకేమైనా పిచ్చా? "ఎవరు నేర్పారు నీకిది?" అని అడిగాడు. ఎడ్ల సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వి, ఆ మాటను ముంబై పట్టుకెళ్ళాడు.

తెలుగు నిలబడింది. మరుసటి ఏడాది మా గదికి పరుపులు పోయి నిజమైన గోడలొచ్చాయి. తర్వాత తమిళం వచ్చింది, కన్నడం వచ్చింది, మరాఠీ, బెంగాలీ వచ్చాయి. ఇప్పుడు ఒక అంతస్తంతా మాదే, వరసగా అద్దాల గదులు, గదికో భాష. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పే మొదటి పాఠం మైకు మూయడం. ఆటగాడు పడి లేవకపోతే, కంట్రోల్ రూమ్ నుంచి అన్ని గదుల హెడ్‌ఫోన్లలోకీ ఒకటే మాట వెళుతుంది, "ఎద్దు." దానికి అర్థమేమిటో సగం మందికి తెలియదు. అదేదో టీవీ భాష అనుకుంటారు.

ఒకసారి కోటయ్య బాబాయ్‌ను తీసుకొచ్చి చూపించాను. అప్పటికే మనిషి తగ్గారు గానీ చొక్కా మడత తగ్గలేదు. అద్దాల గదుల మధ్య నడవాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అన్ని గదుల్లోనూ అందరూ ఒకేసారి అరుస్తుంటే ముచ్చటగా చూస్తూ, "ఇదేందే, తిరునాళ్ళలా ఉంది!" అన్నారు. ఇంతలో ఆటలో ఎవరో పడ్డారు. కంట్రోల్ రూమ్ లోంచి కేక, "ఎద్దు!" తమిళ కుర్రాడు "ఎద్దు" అంటూ మీట నొక్కాడు. బెంగాలీ అమ్మాయి "ఎద్దు" అంది. గది తర్వాత గది నిశ్శబ్దమైపోయింది. బాబాయ్ నోరు తెరుచుకుని అటూ ఇటూ చూశారు. పడ్డవాడు లేచేదాకా ఆయనా ఊపిరి బిగబట్టారు. అందరి మైకులూ తెరుచుకున్నాక నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

"ఏమే శైలా, మన ఎద్దు చానా దూరం లాగిందే!"

కిందటి ఎండాకాలం ఆయన పోయారు. ఏడ్చాను, దాచుకోవడమెందుకు. కానీ తిరునాళ్ళలో మైకు నా చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నప్పుడు ఏడుపు రాలేదు. కరక్కాయ బుగ్గన పెట్టుకుని, పోటీలో ఎలా చెబుతారో అలాగే చెప్పాను. కోటయ్య గారి జత, బయలుదేరింది గురజాల పొలిమేర నుంచి, మాచర్ల దాటింది, కృష్ణ దాటింది, హైదరాబాద్ చేరింది, ముంబై చేరింది, తమిళంలో లాగింది, బెంగాలీలో లాగింది, ఇంకా లాగుతూనే ఉంది అని. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. లేవని ఎద్దును ఎలా పంపాలో ఆయన చెప్పిందే చేశాను. లాగిన దూరం గట్టిగా చెప్పాను.