పైకెత్తిన చెయ్యి

ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆ రాక్ బ్యాండ్ పేరు టిన్ పారిష్. 2011లో ఏడాది పొడుగునా అమెరికాలో ఊరూరా తిరిగి పాడింది. జనానికి వినిపించే సౌండ్ ఇంకొకరు చూసుకునేవారు. స్టేజీ మీద వాళ్ళ పాట వాళ్ళకి వినిపించే పని మాత్రం మన సామ్యూల్‌ది. జెర్సీ సిటీ తెలుగు చర్చిలో మైకులు సరిచేస్తూ నేర్చుకున్న విద్య, యాభై దాటాక అంత దూరం తీసుకెళ్ళింది. స్టేజీ పక్కన సౌండ్ మిక్సర్ ముందు కూర్చుని, పాటగాడు గ్రాహం చేతినే చూస్తుండాలి. చెయ్యి పైకెత్తితే సౌండ్ పెంచాలి, కిందికి దించితే తగ్గించాలి. ఆ హోరులో ఇక మాటలెక్కడివి!

మార్చిలో నాలుగు రోజులు ఇంటికొచ్చాడు. భార్య దేవకుమారి చర్చికి బయల్దేరుతూ, "కుక్కర్‌లో పప్పు పెట్టానండీ. త్రీ విజిల్స్ రాగానే ఆఫ్ చేసెయ్యండి," అంది. వంటింటి పక్కనే కూర్చున్న మనిషికి ఒక్క విజిల్ వినపడితే ఒట్టు. మాడు వాసన ముక్కుకి తగిలాకే లేచాడు.

సాయంత్రం ఆవిడ కుక్కర్ తోముతూ, "హియరింగ్ టెస్ట్ బుక్ చేయనా?" అంది.

"ఫోన్‌లో ఉన్నానులే, అందుకే," అన్నాడు.

శుద్ధ అబద్ధం. సన్నటి శబ్దాలు తనకిక లేవని ఆ రోజే తెలిసిపోయింది. టెస్టులో బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, చెవిటివాడికి సౌండ్ అప్పగించే బ్యాండ్ ఏదీ? చేతి సైగలుండగా చెవులతో పనేముందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు, మొండిఘటం. వేసవంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాడు. "ప్రభువా, ఈ ఒక్క ఏడాది గట్టెక్కించు" అని రోజూ ప్రార్థన.

నవంబరులో నోవై అనే ఊరి దగ్గర ఒక హాల్లో, మధ్యాహ్నం రిహార్సల్ జరుగుతోంది. పాట మధ్యలో మైకు కీచుమంది. ఆపమని గ్రాహం అరచెయ్యి చూపిస్తూ చెయ్యి పైకెత్తాడు. కీచు విన్నవాడెవడికైనా అది పెంచమనే సైగ కాదని తెలిసేది. సామ్యూల్‌కి కీచు వినపడలేదు, చెయ్యి కనపడింది. పెంచాడు. గ్రాహం ఇంకా పైకెత్తాడు. సామ్యూల్ ఇంకా పెంచాడు. గ్రాహం చెవులు మూసుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాక గానీ తప్పు తెలిసిరాలేదు, అయ్యో ఖర్మ.

ఎవరో వైరు పీకేశారు. గ్రాహం లేచి వచ్చి, "నీకు వినపడలేదా?" అని అడిగాడు.

తప్పు మెషీన్ మీదికి నెట్టేయొచ్చు. ఆ మాట సామ్యూల్ నోటిదాకా వచ్చింది కూడా. కానీ గ్రాహం ఇంకా ఒక చెవి అరచేత్తో మూసుకునే ఉన్నాడు. "లేదు," అన్నాడు. "చాలా నెలలుగా వినపడటం లేదు."

గ్రాహం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దగ్గరికి వంగి, ముసలివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడదీసి అరుస్తూ, ఇంటికి వెళ్ళి డాక్టర్‌కి చూపించుకోమన్నాడు. అందరూ తిరిగి చూశారు. సామ్యూల్ సిగ్గుతో చితికిపోయాడు.

"వినపడుతోంది గ్రాహం, మెల్లగా మాట్లాడు," అన్నాడు.

గ్రాహం గొంతు తగ్గించాడు. ఆ తర్వాత అతని పెదాలు కదిలాయి గానీ, ఉద్యోగం ఉందన్నాడో లేదన్నాడో సామ్యూల్‌కి అందలేదు.