పుడ్డింగు మామ్మ రెండోసారి అడగదు

ఆ రోజుల్లో నాకు సోమవారం పొద్దున్నే గొంతు బొంగురుపోయేది. జలుబేం కాదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో "హావ్ ఎ గుడ్ వీకెండ్" అన్నాక మళ్ళీ సోమవారం "గుడ్ మార్నింగ్" అనేదాకా నోరు విప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. అమెరికాలో, బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం, అపార్ట్‌మెంట్లో ఒక పరుపు, ఒక కుక్కరు, ఒక నేను. నాతో ఉంటున్న వరంగల్ అన్న ప్రాజెక్టు మారి డాలస్ వెళ్ళిపోయాడు (వెళుతూ వెళుతూ పప్పు గరిటె కూడా పట్టుకుపోయాడు; అది అతనిదేననుకోండి). ఏకాంతం గురించి పుస్తకాల్లో చాలా గొప్పగా రాస్తారు గానీ, ఆదివారం మధ్యాహ్నం పార్కింగ్‌లో కారెక్కి, ఎక్కడికి పోవాలో తోచక స్టీరింగు పట్టుకు కూర్చున్నవాణ్ణి అడిగితే అసలు సంగతి చెబుతాడు.

అలా ఊరికే డ్రైవ్ చేసుకుంటూ పోయిన ఒక ఆదివారం, అరగంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో పూల కర్టెన్లు కట్టిన టీ కొట్టు కనిపించింది. లోపల డెబ్బై దాటిన ఇంగ్లీషావిడ. అమెరికన్ సిపాయిని పెళ్ళాడి పడుచుతనంలోనే ఇటు వచ్చేసి, ఆయన పోయాక పొద్దుపోక ఆ కొట్టు పెట్టుకుందట. టీతో పాటు తన దేశపు తీపి వంటకాలన్నీ చేసేది. మనసులో ఆవిడకి పుడ్డింగు మామ్మ అని పేరు పెట్టుకుని, ఆదివారాలన్నీ అక్కడికే అంకితం చేశాను. ఖర్జూరం కేకు మీద వేడివేడి పాకం పోసిన స్టికీ టాఫీ పుడ్డింగు తిన్న రోజు నాకు అమెరికా మీద కోపం సగం తగ్గింది. లేత బెల్లంపాకం లాంటి సిరప్పుతో చేసిన ట్రీకిల్ టార్టు, గాజు గిన్నెలో పొరలు పొరలుగా పేర్చిన ట్రైఫిల్ కూడా బాగుండేవి. రైస్ పుడ్డింగు మాత్రం మన పరమాన్నమే, ఏలకులు వేయడం మర్చిపోయారు. ఎండుద్రాక్షలు పొదిగిన ఆవిరి పుడ్డింగు ఒకటి ఇడ్లీలా ముద్దొస్తుంటే ఒక ముక్క కోయమన్నాను. "నువ్వు శాకాహారివి కదూ? ఇందులో ఆవు కొవ్వు ఉంది, నీకు పెట్టను" అని గిన్నె అవతలికి జరిపేసింది. (కోడిగుడ్డు సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అది నేను విమానం దిగిన నెలలోనే శాకాహారంలో కలిసిపోయింది.)

చిక్కంతా రెండో ముక్క దగ్గర వచ్చింది. కొట్టు మూసే వేళకి మామ్మ మిగిలిన పుడ్డింగు తెచ్చి, "ఇది ఊరికే పెడుతున్నాను, ఇంకొంచెం తింటావా?" అని అడిగేది. మా వైపు బంతిలో "ఇంకో బూరె?" అంటే "వద్దండీ, చాలు" అనాలి. "అలా అంటే ఎలా?" అని వాళ్ళనాలి. మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి, అదీ వేళ్ళ మధ్య సందులు ఉంచి. ఆ సందుల్లోంచి వాళ్ళు బూరె జారవిడవాలి. ఇదంతా పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి నేను "నో నో, థాంక్యూ" అని చెయ్యి అడ్డం పెట్టాను. "రైట్ యు ఆర్, లవ్" (సరేలే నాయనా అని వాళ్ళ మాటలో) అని మామ్మ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. అంతే! నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

మరుసటి వారం 'నో' కొంచెం నెమ్మదిగా అన్నాను. ఇంకో వారం చెంచా కింద పెట్టకుండానే అన్నాను. ఒకసారైతే "అద్భుతంగా ఉందండీ, ఇలాంటిది నేనెప్పుడూ తినలేదు... కానీ వద్దు" అని, ఆ 'కానీ' దగ్గర కావలసినంత జాగా ఇచ్చి చూశాను. ప్రతిసారీ అదే "రైట్ యు ఆర్, లవ్." నా బాధ పుడ్డింగు గురించి కాదు. ఈ దేశంలో నన్ను ఒక్క మనిషైనా బతిమాలితే బాగుండునని ఉండేది.

డిసెంబరులో ఒక ఆదివారం మామ్మ కప్పులు తుడుస్తూ, "క్రిస్మస్ రోజు ఎక్కడుంటావు? మా ఇంట్లో నేనూ మా ఆడపడుచూ మాత్రమే. నువ్వూ రారాదూ?" అంది. గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం దాని అలవాటు ప్రకారం, "అయ్యో, మీకెందుకండీ శ్రమ! నాకు ఫ్రెండ్స్ ఉన్నారు" అనేసింది. నేను ఎదురు చూస్తూ నిలబడ్డాను. మామ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "రైట్ యు ఆర్, లవ్" అని లోపలికి వెళ్ళిపోయింది.

పండగ ముందురోజుకల్లా ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. ఆఫీసు లేదు. రోడ్డు మీద కార్లు లేవు. ఎదురింటి కిటికీలో క్రిస్మస్ చెట్టు దీపాలు వెలిగి ఆరుతుంటే చూస్తూ కుక్కర్లోంచే పెరుగన్నం తిన్నాను, ఏడుపొచ్చింది. తట్టుకోలేక వరంగల్ అన్నకి ఫోన్ చేసి అంతా చెప్పుకున్నాను.

"అరే, నువ్వు వద్దంటివి, ఆమె సరే అన్నది. మంచిగనే ఉన్నదిగా?"

"ఇంకోసారి అడుగుతుందనుకున్నానన్నా."

"గామె ఏమన్న మీ మేనత్తనా, గడ్డం పట్టుకోని బతిమాలనీకి? మన కతలు ఆమెకేం ఎరుక? రేపు పండుగనాడు ఒంటిగ కూసోని ఏడుస్తవా, పోయి అడుగుతవా? నడువ్!"

పిలవని పేరంటానికి వెళ్ళడమే నామర్దా అని పెరిగినవాణ్ణి. పిలిస్తే రానని చెప్పిన పేరంటానికి మళ్ళీ వెళ్ళి పిలవండని అడగడాన్ని ఏమనాలో మన భాషలో మాట కూడా లేదు. కారులో దారంతా పైకే రిహార్సల్ చేశాను. మామ్మ తలుపుకి 'క్లోజ్డ్' బోర్డు తిప్పుతోంది. చేసిన రిహార్సలంతా గాలికి పోయింది. "నాకు ఫ్రెండ్స్ ఎవరూ లేరండీ. రేపు నేను మీ ఇంటికి రావచ్చా?" అన్నాను.

మామ్మ విస్తుపోయింది. "నేను పిలిచానుగా అబ్బాయ్! నీకు మా తిండి నచ్చదనుకున్నాను. ప్రతివారం వద్దంటావు, మళ్ళీ వస్తావు. పాపం, చలికి వస్తున్నాడులే అనుకున్నాను" అంది.

మర్నాడు ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆడపడుచుగారికి చెవుడు కావడంతో నాకు వేసిన ప్రశ్నకి తనే జవాబు చెప్పేసుకుని నవ్వేది. బోర్లించిన గిన్నెలంత నల్లటి పుడ్డింగులు రెండు తెచ్చి, మామ్మ వాటి మీద బ్రాందీ పోసి అగ్గిపుల్ల గీసింది. నీలం మంట లేచింది (బ్రాందీ కాలిపోతుందిగా అని నా ఆచారానికి సర్దిచెప్పుకున్నాను). చిన్నదాన్ని నా ముందుకు తోసి, "ఇది నీది. కొవ్వు లేకుండా వెన్నతో చేశాను" అంది.

"రాత్రికి రాత్రి ఇంత శ్రమపడ్డారా?" అన్నాను.

"ఇది రాత్రికి రాత్రి అయ్యేది కాదులే. నవంబరులోనే చేసిపెట్టాను. వారాల తరబడి ఊరకపోతే ఇది పుడ్డింగే కాదు."

నవంబరంటే నన్ను పిలవకముందు. నేను రానన్నాక కూడా అది ఆవిడ అల్మరాలో నా పేరుతోనే ఉంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే మంట పొగ అన్నాను. ఆవిడ దాన్నీ నమ్మేసింది. తర్వాత "ఇంకొంచెం?" అంది. "పెట్టండి" అన్నాను. ఆవిడ ప్రతిసారీ అడిగింది, నేను ప్రతిసారీ పెట్టండన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కారు సీటు వెనక్కి జరుపుకోవాల్సి వచ్చింది.

తర్వాత రెండేళ్ళకి నేను తెలుగువాళ్ళు కిక్కిరిసిన ప్లేనో వచ్చేశాను. మామ్మ కొట్టు కట్టేసి ఇంగ్లండులో చెల్లెలి దగ్గరకి వెళ్ళిపోయింది. ఇప్పుడు మా చుట్టూ బతిమాలేవాళ్ళకి కొదవ లేదు. ఎవరింట్లో "ఇంకో గారె వేసుకోండి" అన్నా నేను వెంటనే ప్లేటు చాస్తాను. "మొదటిసారైనా వద్దనాలండీ, పరువు తీస్తున్నారు" అని మా ఆవిడ కారెక్కగానే మొదలుపెడుతుంది. మరి నాకేమో ఆ బెంటన్‌విల్ కుర్రాడు గుర్తొస్తాడు. దేనికోసం ప్రాణం లాగుతుంటే దానికే చెయ్యి అడ్డం పెట్టి, ఎవరైనా ఇంకోసారి అడుగుతారేమోనని దిక్కులు చూస్తూ కూర్చునేవాడు, వెర్రినాగన్న! వాడు ఇప్పుడు కనిపిస్తే ఏమీ అడగకుండా వడ్డించేద్దును.