మామిడి పిందెల హారం

బందరు చిలకలపూడిలో పుట్టినవాళ్ళకి నగను దూరం నుంచి చూసి బంగారమో పూతో చెప్పేయడం చిన్నప్పుడే అబ్బుతుంది. మా నాన్న, పెదనాన్న, వీధిలో సగం మంది రాగి మీద బంగారు పూత వేసి నగలు చేసేవాళ్ళు. మా ఇంట్లో కవరింగ్ నగ గురించి ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినలేదు. ఏ ఊళ్ళో ఎవరి మెడలోనైనా మా వీధి సరుకు కనబడితే నాన్న మీసం సవరించుకునేవాడు. ఆ గర్వమే నన్ను మస్కట్లో ముంచింది.

తొంభైల మధ్యలో పెళ్ళై అక్కడికి వెళ్ళాను. మా ఆయన తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కేవారు. మిగిలింది నేను, ఏసీ చప్పుడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఫ్రిజ్‌ని అడిగే స్థితికి వచ్చాను. అంతలో నెల తప్పింది. డాక్టరమ్మ విమానం ఎక్కొద్దంది కాబట్టి పుట్టింటి కాన్పు లేదు. నాన్నమ్మ మంచంలో ఉంది కాబట్టి అమ్మ రాలేదు. పురిటి గదిలో నా చెయ్యి పట్టుకోవడానికి ఒక్క ఆడమనిషి ఉంటే చాలని రోజూ అనుకునేదాన్ని. అంటే నాకు స్నేహాలు కావాలి, అదీ నెలలు నిండేలోపు.

శుక్రవారం అక్కడ సెలవు. తెలుగువాళ్ళంతా గుడివాడ అక్కయ్యగారి ఇంట్లో చేరేవారు. ఒకాయన ముందు వచ్చి బావమరిదిని పిలిపించుకుంటే, ఆ బావమరిది పక్కూరివాణ్ణి పిలిపించుకుని, చివరికి అక్కడున్న వాళ్ళందరూ కృష్ణా కాలవల చివరివాళ్ళే అయ్యారు. ఆడవాళ్ళకి సొంత పేర్లు వాడుకలో లేవు. గుడివాడ అక్కయ్యగారు, ఉయ్యూరు పిన్నిగారు, ఘంటసాల టీచరుగారు, దివిసీమ వదిన. సముద్రం దాటొచ్చినా జిల్లా దాటలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళకి ముందుగా ఒక ఇంటర్వ్యూ ఉండేది. అక్కయ్యగారు సోఫా మధ్యలో కూర్చుని అడిగేవారు.

"ఏ ఊరమ్మాయ్ మీది?"

"బందరండీ."

"బందర్లో ఎక్కడ?"

"చిలకలపూడండీ."

"ఓహో. మీ నాన్నగారు ఏం చేస్తారు? మీ అమ్మగారి పుట్టిల్లెక్కడ? మీ మేనత్తల్ని ఎవరికిచ్చారు?"

కులం అన్న మాట నోట రాకుండా కులం కనుక్కోవడంలో మా జిల్లావాళ్ళకి సాటి ఎవరూ లేరు. నేను వినయంగా అన్నిటికీ జవాబు చెబుతున్నాను కానీ నా కళ్ళు ఆవిడ మెడలోని కాసులపేరు మీదే ఉన్నాయి. ప్రతి కాసు మీదా లక్ష్మీదేవి ముక్కు చప్పిడిగా ఉంది. మా పెదనాన్న అచ్చు అరిగిపోయి లక్ష్మీదేవికి ఆ ముక్కు వచ్చింది. అన్ని వేల మైళ్ళ అవతల సొంత మనిషి ఎదురొచ్చినట్టయింది నాకు.

"అక్కయ్యగారూ! ఈ కాసులపేరు మా పెదనాన్నదేనండీ! మా వీధిలో చేసిందే!" అని చప్పట్లు కొట్టినంత పని చేశాను.

ఉయ్యూరు పిన్నిగారు పైట భుజం మీదుగా నిండా కప్పుకున్నారు. టీచరుగారి చేతులు వెనక్కి వెళ్ళాయి. అక్కయ్యగారు నవ్వి, "కాఫీ తాగుతావా అమ్మాయ్?" అన్నారు. ఆ కాఫీ ఇప్పటిదాకా రాలేదు.

నన్ను వెలివేశారని అనను. వాళ్ళు మర్యాదస్తులు. ఫోను చేస్తే "అయ్యో, తప్పకుండా రామ్మా" అనేవారు. ఎప్పుడు రావాలో మాత్రం చెప్పేవారు కాదు. శుక్రవారాలు వాళ్ళకి మామూలుగా, నాకు ఏసీ చప్పుడుతో గడిచాయి. రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుంటే, "నేనేం తప్పు మాట్లాడాను?" అని ఏడ్చేదాన్ని. ఆయన ఇంజనీరు. "నగల సంగతి నాకేం తెలుసు?" అనేవారు.

ఒకరోజు పొద్దున్నే దివిసీమ వదిన తలుపు కొట్టింది. వాళ్ళది నాగాయలంక వైపు, చేపల వేట చేసే ఇల్లు. వాళ్ళాయన ఓడరేవులో పని. లోపలికొచ్చి తలుపు తనే గడియ వేసి, కొంగు ముడిలోంచి రెండు గాజులు తీసింది.

"ఈ ఊరి ఉక్కకి చెమటపట్టి పూతంతా పోయిందే. మీ నాన్నగారికి చెప్పి ఒక హారం కూడా తెప్పించవూ? కొత్త మోడలు కావాలి. ఇక్కడ ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ఎవరికీ చెప్పమాక."

ఆ వారంలోనే ఉయ్యూరు పిన్నిగారు వచ్చారు. తర్వాత టీచరుగారు. అందరూ మగవాళ్ళు డ్యూటీలకి వెళ్ళాకే వచ్చారు. అందరూ గడియ వేశారు. అందరికీ కొత్త మోడలే కావాలి, మరెవరి దగ్గరా ఉండకూడదు. ఒరిజినల్ మాత్రం ఊళ్ళో బ్యాంకు లాకర్లో భద్రంగా ఉందని అడక్కపోయినా చెప్పారు. ఆఖరికి అక్కయ్యగారూ వచ్చారు. ఆవిడ కాసులపేరు కూడా లాకర్లోనే ఉందట, మెడలోది దాని నకలట. కృష్ణా జిల్లా లాకర్లలో ఎంత బంగారముందో తలుచుకుంటే నాకు దిగులేసేది.

అలా నాకు స్నేహితులు ఏర్పడ్డారు. పొద్దున పూట వచ్చి పొట్ట నిమిరి, ఏం తినాలో చెప్పి, కబుర్లాడి వెళ్ళేవారు. సాయంత్రం సూపర్ మార్కెట్లో ఎదురైతే టమాటాలు ఎంచుకుంటూ నన్ను చూడనట్టు నటించేవారు. కాన్పు మాట నేనెత్తితే, "నేనుండనూ!" అనేవారు. అయితే ఎవరికివారు ఆ సంగతి రెండో మనిషికి తెలియకూడదనేవారు. పురిటి గదికి రహస్యంగా ఎలా వస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

మా ఊళ్ళో వీధి చివర ఫోన్ బూత్‌కి నాన్నని పిలిపించుకుని ప్రతిసారీ చెప్పాను, కొత్త మోడలు కావాలి, ఇంకెవరి దగ్గరా ఉండకూడదట అని. నాన్న ప్రతిసారీ "అలాగే తల్లీ" అన్నాడు. మా ఆయన స్నేహితుడొకాయన సెలవుకెళ్ళి వస్తూ పార్శిలు తెచ్చాడు. గులాబీ కాయితంలో చుట్టి, ఒక్కో పొట్లం మీద ఊరి పేరు రాసి పంపాడు నాన్న. నేను విప్పి చూడకుండా ఎవరిది వాళ్ళకి చేర్చాను.

ఏడో నెలలో మా ఆయన నన్ను బతిమాలి సీమంతం పెట్టించారు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచాను. అందరూ వస్తామన్నారు. కొత్త హారానికి అదో వంకనుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

ముందు దివిసీమ వదిన వచ్చింది. మెడలో మామిడి పిందెల హారం, ఎర్ర రాళ్ళు. చూడముచ్చటగా ఉంది. తర్వాత టీచరుగారు వచ్చారు. మామిడి పిందెల హారం, ఎర్ర రాళ్ళు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఉయ్యూరు పిన్నిగారు లోపలికొస్తూనే గుమ్మంలో ఆగిపోయారు. నాన్న లెక్కలో కొత్త మోడలంటే ఆ నెల అచ్చులోంచి ఊడిపడ్డది. ఆ నెలకి అచ్చు ఒక్కటే.

చివరగా అక్కయ్యగారు లిఫ్టు దిగి వచ్చారు. అవే పిందెలు, అవే రాళ్ళు. ఆవిడ అందరి మెడలూ వరుసగా చూశారు. పిన్నిగారు హ్యాండ్‌బ్యాగు అందుకున్నారు. ఇక ఈ గుమ్మం ఎవరూ తొక్కరని, కాన్పుకి నేనూ నర్సులే మిగులుతామని నాకు ఖాయమైపోయింది.

అక్కయ్యగారు సోఫా మధ్యలో కూర్చున్నారు.

"నాది రొయ్యల చెరువులో పోయింది," అన్నారు. "మా మరిది కైకలూరు దగ్గర చెరువు తవ్వాడు. తెగులొచ్చి ఒక్క రాత్రిలో రొయ్యలన్నీ తేలిపోయాయి. దాని కోసం తాకట్టు పెట్టిన నా కాసులపేరూ పోయింది. లాకరూ లేదు, నా బొందా లేదు. నీదెక్కడుందే పిన్నీ?"

పిన్నిగారు హ్యాండ్‌బ్యాగు కింద పెట్టారు. "మాదీ చెరువేనమ్మా."

"మాది మావారి తమ్ముడి వీసాకి పోయింది," అన్నారు టీచరుగారు.

"నాకసలు ఎప్పుడూ లేదండీ," అంది వదిన.

ముందు నవ్వింది ఎవరో గుర్తులేదు. పిన్నిగారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. ఆ నవ్వులోనే అక్కయ్యగారు నన్ను పీట మీద కూర్చోబెట్టి గాజులు తొడుగుతూ, "కాన్పుకి ఎవరుంటున్నారే?" అని అడిగారు. నలుగురూ ఒక్కసారే "నేను" అన్నారు. అక్కడ మొదలైంది అసలు గొడవ. పథ్యం తను వండుతానని పిన్నిగారు, సొరచేప పిట్టు పెడితేనే పాలు పడతాయని వదిన, బాలింతకి ఆ నీచు వాసనేంటని టీచరుగారు, ఆసుపత్రికి తను తప్ప ఎవరూ రావక్కర్లేదని అక్కయ్యగారు. గొంతులు లేచాయి. నా గురించి మనుషులు పోట్లాడుకుని ఎంతకాలమైందో! నాకు ఏడుపు ఆగలేదు.

"పాపం, అమ్మ గుర్తొచ్చినట్టుంది," అని అక్కయ్యగారు నా తల పొట్టకి ఆనించుకున్నారు.

అవునన్నట్టు తలూపాను. నిజానికి ఆ పూట నాకు అమ్మ గుర్తే రాలేదు.