చెంప మీద ఐదు వేళ్ళు

నాకు ముక్కు మీద కోపం. ఇప్పటికీ ఉంది, అప్పుడైతే మరీను. మా నాన్న టెక్కలిలో బడిపంతులు. ఆయన బళ్ళోనే నేనూ చదివాను. నా పలక విరగ్గొట్టి పైగా నవ్విన ఒక పిల్ల చెంప తరగతి మధ్యలో ఛెళ్ళుమనిపించాను. సాయంత్రం దాకా ఆ పిల్ల బుగ్గ మీద నా ఐదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. నాన్న వాళ్ళింటికి వెళ్ళి చేతులు జోడించి వచ్చాడు. ఆ చిన్ననాటి దెబ్బ నా కాపురానికి అడ్డం పడుతుందని అప్పుడెవరికి తెలుసు.

నాకు పెళ్ళయింది పందొమ్మిది వందల యాభైల్లో. ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఒక ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరి, దాని వెనక జీడితోట. ఇంట్లో అత్త, ఆయన, నేను. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. ముగ్గురమే కదా, హాయిగా ఉంటుందనుకున్నాను.

వారం తిరక్కుండానే నా కళ్ళు తేలిపోయాయి. ఆ ఇంట్లో పట్టపగలు మొగుడు పెళ్ళాంతో మాట్లాడడు. ఆయనకి దాహం వేస్తే "అమ్మా, నీళ్ళు" అంటాడు. నేను నిండు చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడినా సరే, వాళ్ళమ్మ వైపు చూసే అడుగుతాడు. ఆవిడ "పిల్లా, ఆడికి నీళ్ళియ్యి" అంటుంది. అప్పుడు నేనివ్వాలి. కాపురానికి వచ్చానా, పోస్టాఫీసులో చేరానా అని ఒళ్ళు మండిపోయేది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆ నెలలో రెండు కుండలు పగలగొట్టాను.

అలాగని ఆయనకి నేనంటే ఇష్టం లేదని బెంగ పెట్టుకోవలసినదేమీ లేదు. పొద్దున్నే తోటకి వెళ్ళి వస్తూ ఎర్రటి జీడిమామిడి పండు ఒకటి ఏరి తెచ్చి, నీళ్ళ కుండ వెనక పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవాడు. నాకోసమని చెప్పేవాడు కాదు. చెప్పక్కర్లేదు కూడా. అత్త పెరట్లోకి వెళ్ళగానే కుండ వెనక చెయ్యి పెట్టి తడుముకునేదాన్ని. పండు తగలగానే ప్రాణం లేచి వచ్చేది.

అత్త మొదటిరోజే నాకు ఒక మాట చెప్పింది.

"ఏ పనైనా సెయ్యి పిల్లా. జీడిపిక్క మాత్రం ముట్టుకోకు."

ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. టెక్కలిలో మాకు జీడిపప్పంటే కొట్లో పొట్లం కట్టి ఇచ్చేదే. పిక్క ఎలా ఉంటుందో, దాని తొక్కలో ఏముంటుందో నాకేం తెలుసు? డబ్బొచ్చే పంట కదా, కొత్త కోడల్ని నమ్మక అలా అంటోందనుకున్నాను. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

ఉగాది ఇంకో వారం ఉందనగా, ఒకరోజు భోజనాల దగ్గర ఆయన వాళ్ళమ్మతో అన్నాడు. "పచ్చి జీడిపప్పు కూర తిని ఏడాదయిపోనాది." అత్త, "నాకు కళ్ళు ఆనట్నేదురా. లేతపిక్క కొయ్యాలంటే సూపుండాల" అంది. ఇద్దరి మధ్యా నేను మజ్జిగ పోస్తున్నాను. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. చూస్తూ ఉండండి, అనుకున్నాను.

మర్నాడే అత్త నందిగాంలో చుట్టాలింటికి బయల్దేరింది. బండి మలుపు తిరిగిందో లేదో నేను తోటలో ఉన్నాను. ఒంగిన కొమ్మల నించి పచ్చిపిక్కలు ఒళ్ళోకి కోసుకుని వచ్చి, కత్తిపీట ముందు కూర్చున్నాను. ఒక్కొక్క పిక్కా నిలువునా చీల్చి, లోపలి తెల్లటి పప్పు వేలితో తీశాను. తొక్కలోంచి జిగట కారి వేళ్ళ సందుల్లోకి పోయింది. ఏదో చెట్టుపాలు అనుకున్నాను. నీళ్ళతో కడిగితే పోలేదు, కుంకుడుకాయతో రుద్దినా గోధుమరంగు మరక అలాగే ఉంది. ఉంటే ఉందిలే అని కొబ్బరిపాలు పోసి కూర వండాను.

ఆయన మధ్యాహ్నం తిండికి వచ్చాడు. అలవాటుగా "అమ్మా" అన్నాడు. పలికేవాళ్ళు లేరు. పీట మీద కూర్చుని, వడ్డించిన కూర చూసి, ఒక ముద్ద తిన్నాడు. తల ఎత్తి నా మొహంలోకి చూశాడు.

"మాయమ్మ వండినదానికన్నా బాగుంది" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. పట్టపగలు, వీధి తలుపులు బార్లా తీసి ఉండగా, నా మొగుడు నాతో మాట్లాడాడు. నాకేమైందో నాకే తెలీదు. ఆయన ఎదురుగా కూర్చున్నదాన్ని, చెయ్యి చాచి ఆయన చెంప మీద వేశాను. గడ్డం అరచేతిలో పెట్టుకుని అలా ఉండిపోయాను. ఆయన కదల్లేదు. తీసేయమనీ అనలేదు. పెరట్లో కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి. అంత సంతోషం నా జన్మలో అంతకుముందు ఎరగను.

సాయంత్రానికి చేతులు మంట మొదలుపెట్టాయి. తెల్లారేసరికి వేళ్ళు నల్లబడి, సందులు పొక్కి, పిడికిలి మూతపడలేదు. ఏడుపు దిగమింగుకుని బయటికి వచ్చేసరికి ఆయన నూతి దగ్గర మొహం కడుక్కుని ఇటు తిరిగాడు. ఎడమ చెంప మీద ఐదు వేళ్ళు. నల్లగా, పొక్కులతో, ఒక్కో వేలూ లెక్కపెట్టుకునేలా ఉన్నాయి.

అత్త రాత్రే తిరిగొచ్చింది. ఆయన చెంప చూసింది. నా చేతులు చూసింది. ఆవిడ పుట్టింది పెరిగింది ఆ జీడితోటల్లోనే, ఇంక చెప్పాలా. కాసేపు అరుగు మీద కూలబడిపోయింది.

"పిక్క ముట్టుకోవొద్దని సెప్పినానా నేదా? తొక్కలో జిగటంతా జీడే. ముందర నూనె రాసుకోవాల, బూడిద అద్దుకోవాల, అప్పుడు పట్టుకోవాల పిక్క. కొత్త సేతులు కాలిపోతాయి. సెప్తే ఇనవు" అంది.

ఇన్నాళ్ళూ ఆవిడ పంటని దాచుకుంటోందనుకున్నాను. నా చేతులు కాలతాయని చెప్పిందని తెలిసి తల కొట్టేసినట్టయింది. ఆవిడ కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టింది. మూడు రోజులు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ముద్ద ముద్దకీ తిట్టింది. "సేతులు కాల్సుకుంటే కాల్సుకున్నావు, ఆడి మొకం కూడా కాల్సాలా" అనేది. ఆ ముద్ద మింగడం కన్నా ఉపవాసం నయం.

ఆయన తలకీ గడ్డానికీ తువ్వాలు చుట్టుకుని పన్నునొప్పి అని చెప్పుకుని తిరిగాడు. ఊరంతా జీడి ఎరిగినవాళ్ళే. ఎండుచేపలు అమ్మడానికి బారువ నించి వచ్చే మనిషి గుమ్మంలోనే ఆయన్ని నిలదీసి, తువ్వాలు సందులోంచి చూసి, "ఐదు వేళ్ళున్న పన్ను ఎక్కడ మొలిసింది నాయనా" అని అడిగింది. లోపల నేను భూమి చీలితే బాగుండుననుకున్నాను. ఆ మూడు రోజులూ కుండ వెనక పండు లేదు. ఆయన నా మొహం చూడలేదు. నా వల్ల నలుగురిలో నవ్వులపాలయ్యాడు, ఇంక జన్మలో నాతో మాట్లాడడనుకున్నాను.

నాలుగోరోజు నాన్న వచ్చాడు, మా ఇద్దర్నీ పండక్కి తీసుకెళ్ళడానికి. కాళ్ళు కడుక్కుని, నవ్వుతూ అల్లుడి వైపు తిరిగాడు. తువ్వాలు జారి ఉంది. నాన్న నవ్వు అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బళ్ళో ఆ పిల్ల చెంప చూసినప్పుడు కూడా ఇలాగే చూశాడు.

"అది జీడి అన్నయ్యా" అంది అత్త తల దించుకుని.

"నన్ను ఊరడించకు చెల్లెమ్మా. జీడైతే ఐదు వేళ్ళతో ఎలా పడుతుంది?" అన్నాడు నాన్న. "నా కూతురి చెయ్యి నాకు తెలుసు."

ఎలా పడిందో చెప్పాలి. ఎవరు చెబుతారు? అత్తకి సిగ్గు. కన్నతండ్రి ముందు నేను ఆ మాట ఎలా అనను? కొట్టానని ఒప్పుకోవడమే తేలిక అనిపించింది ఒక క్షణం. నేను గుడ్డ చుట్టిన చేతులు వెనక్కి దాచుకున్నాను. అదే కొంప ముంచింది. దోషిలా కనబడి ఉంటాను.

మా నాన్న, ఊళ్ళో అందరూ పంతులుగారని లేచి నిలబడే మనిషి, అల్లుడి ముందుకెళ్ళి రెండు చేతులూ జోడించాడు. "పెంపకం నాది బాబూ. తప్పు నాది. దీన్ని తీసుకుపోతాను. బుద్ధి వచ్చాకే పంపుతాను, వస్తే" అన్నాడు.

నా కాపురం అక్కడే, ఆ వాకిట్లోనే అయిపోయిందనుకున్నాను. నన్ను చూడని మొగుడు, మాట్లాడని అత్త, చేతులు జోడించిన నాన్న. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

అప్పుడు ఆయన లేచాడు. నా దగ్గరికి వచ్చాడు. వెనక దాచిన నా కుడిచెయ్యి ముందుకు లాగి, గుడ్డ విప్పాడు. తోలు ఊడిన ఆ చెయ్యి తీసుకెళ్ళి, వాళ్ళమ్మ చూస్తుండగా, మా నాన్న చూస్తుండగా, తన చెంపకి ఆనించుకున్నాడు. అరచెయ్యి గడ్డం కిందికి, వేళ్ళు నిలువుగా కణత వైపుకి. మచ్చ మీద మచ్చ సరిగ్గా కూర్చుంది.

"కొట్నేదు మావా. కొట్టిన సెయ్యి అడ్డంగా పడతాది. సూడు, ఇది ఇల్లగ ఉంది" అన్నాడు.

చెయ్యి భగభగ మండుతోంది. లాక్కుందామంటే ఆయన వదల్లేదు. ఆ ఊళ్ళో ఏ మగవాడూ పెళ్ళాం చెయ్యి వాకిట్లో పట్టుకోలేదు. అత్త గోడ వైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు. నాన్న చాలాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, "కాసిని మంచినీళ్ళు ఇప్పించు చెల్లెమ్మా" అన్నాడు.

"పిల్లా, మీ నాన్నకి నీళ్ళు" అంది అత్త గోడకే చెబుతున్నట్టు. కుండ దగ్గరికి వెళ్ళి అలవాటుగా వెనక తడిమాను. పండు ఉంది. ఎప్పుడు పెట్టాడో.

ఆ పూటే పండక్కి ముగ్గురం పలాస దాకా బండి మీద వచ్చాం. టెక్కలి బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి ఆయన అవతలికి వెళ్ళగానే, నాన్న నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. రైలుకట్ట వైపు చూస్తూ అన్నాడు.

"చెంప మీద వేళ్ళు కనబడితే కొట్టడం తప్ప ఇంకోటి ఉంటుందని నాకు తోచలేదమ్మా. మీ అమ్మ చెంప మీద నా చెయ్యి పడింది ఒక్కసారే. పెళ్ళయిన కొత్తలో. కూరలో ఉప్పు ఎక్కువైందని."

మా ఇంట్లో పెద్ద గొంతు కూడా ఎప్పుడూ వినలేదు నేను. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. నాన్న కండువా సర్దుకుని బస్సులు ఆగే వైపు నడిచాడు.

టెక్కలి చేరేసరికి ఇంకా పొద్దుంది. అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో గుమ్మంలో ఎదురొచ్చింది. అల్లుడి మొహం చూసి తెల్లబోయి, నాన్న వైపు చూసింది. "జీడి" అన్నాడు నాన్న. "తర్వాత చెబుతాను." అమ్మ తలాడించి మా ఇద్దరికీ దిష్టి తియ్యడం మొదలుపెట్టింది. ఎండ అమ్మ మొహం మీద పడుతోంది. దిష్టి తీసినంతసేపూ నేను అమ్మ చెంప వైపే చూస్తూ నిలబడ్డాను.