ఆమె చెప్పిన ఆమెన్

రేపల్లె పాస్టరుగారు ప్రభువు దగ్గరికి వెళ్లారన్న కబురు మొదట తెచ్చింది మా ఆడపడుచు మార్త. జ్ఞాపకార్థ కూడిక కార్డు మీద ఫొటో చూసి గుర్తుపట్టాను.

ఏళ్ల క్రితం తెనాలి బస్టాండులో నా పక్కన కూర్చున్నారు. బాపట్ల సభల్లో వాక్యం చెప్పడానికి భార్యతో వెళ్తున్నారు. ఆమె ఇడ్లీ పొట్లం విప్పగానే ఆయన కళ్లు మూసుకుని, సంఘంలోని కుటుంబాలను పేరుపేరునా తలుస్తూ ప్రార్థన మొదలుపెట్టారు. నుదుట చెమట పట్టింది, చేతులు వణికాయి. అయినా ఆపలేదు.

"ఆమెన్!" అని ఆమే గట్టిగా అనేసింది. "షుగరు ఇంజెక్షన్ చేసి అరగంటయిందండీ, పడిపోతారు. ముందు తినండి. మిగతా ఇళ్లు నేను చెప్తాను."

"చూశావా అమ్మా, మా సంఘానికి అసలు పాస్టరు ఈవిడే," అని నవ్వి, ఆయన తిన్నారు.

ఆమె కళ్లు మూసుకుని మిగిలిన ఇళ్లన్నీ చెప్పింది. అది విన్నందుకు దేవునికి స్తోత్రం. తన పేరు మాత్రం చెప్పుకోలేదు. దయచేసి మీ ప్రార్థనలో ఆమెను తలుచుకోండి.