సుబ్బాయమ్మ గెడకి అందని నీళ్లు

సుబ్బాయమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఆకివీడు చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆమె కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. నడక రాకముందే తాటిదోనె ఎక్కిందని వాళ్లమ్మ చెప్పుకునేది. పెళ్లై జగ్గారావు ఇంటికొచ్చాక కూడా పొలానికి దోనె మీదే వెళ్లేది, గెడ తనే వేసుకుంటూ. గెడ నీళ్లలోకి దించి, అడుగు బురదలో ఆనించి, ఒక్క తోపు తోసిందంటే దోనె చెప్పినట్టు వినేది. కొల్లేరు పొంగి ఊళ్లు మునిగినప్పుడు కూడా ఆమె గెడకి నేల తగలకపోవడమన్నది లేదు. ఆ ధీమాతోనే సంసారం నడిపింది, పాలేళ్లని నడిపింది, మొగుణ్ణీ నడిపింది. జగ్గారావుకి అందులో చిన్నతనమేమీ తోచలేదు. దోనెలో కాళ్లు చాపుకుని చుట్ట కాలుస్తూ, "మా ఇంటి సరంగు ఆవిడేనండీ" అని ఎదురైన ప్రతివాడికీ చెప్పేవాడు. పిల్లలు లేరన్న దిగులు కూడా ఇద్దరూ కలిసే మోశారు.

పందొమ్మిది వందల ముప్ఫై నాలుగు శ్రావణంలో జ్వరమొచ్చి జగ్గారావు పోయాడు. పోయేముందు భార్య చెయ్యి పట్టుకుని, "నన్ను కాశీ తీసుకెళ్లి గంగలో నువ్వే కలపాలి" అన్నాడు. తలకొరివి పెట్టింది మాత్రం తమ్ముడు అచ్యుతరావు. కొరివి పెట్టిన చెయ్యే అస్థికలు కలపాలని అతని వాదం.

"ఆడవాళ్లు కలపడం ఎక్కడైనా ఉందాండీ వదినగారూ? నలుగురూ నవ్వరాండీ?" అన్నాడు.

"నవ్వితే నవ్వనివ్వండి మరిదిగారూ. మీ అన్నగారు నాకు చెప్పారు, మీకు చెప్పలేదు" అంది సుబ్బాయమ్మ.

చివరికి ఇద్దరూ బయల్దేరారు. ఏలూరు స్టేషన్‌లో మెయిలు ఎక్కింది మొదలు ఎర్రగుడ్డ కట్టిన అస్థికల కుండ ఆమె ఒడి దిగలేదు. హౌరాలో బండి మారేటప్పుడు, "కాసేపు నేను పట్టుకుంటానండీ" అని అచ్యుతరావు చెయ్యి చాస్తే, వినిపించనట్టే నడిచిపోయింది.

కాశీలో నీళ్లలోంచి మొలిచినట్టు రాతిమెట్లు, మెట్ల మీద రాజులు కట్టించిన మేడలు, మేడల సందుల్లో గుళ్ల శిఖరాలు. ఇది ఏ రాజుది, అది ఏ రాజుదని అచ్యుతరావు నోరు తెరుచుకుని అడుగుతూనే ఉన్నాడు. సుబ్బాయమ్మ ఒకసారి తలెత్తి చూసి, "రోజూ ఇన్ని మెట్లెక్కి దిగిన రాణులు ఏం తిని బతికారో!" అంది. ఆ తర్వాత ఆమె కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి.

సత్రం వాళ్లు కుదిర్చిన తెలుగు పురోహితుడితో పడవెక్కారు. నది నడుమకి వచ్చాక, "సంకల్పం ఎవరి చేత చెప్పించమంటారండీ?" అని ఆయన అడిగాడు. "నా చేత" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అంతలో తెడ్డు కట్టిన తాడు పుటుక్కున తెగింది. పడవ అడ్డం తిరిగింది. రాళ్లు నింపుకున్న పెద్ద పడవొకటి నేరుగా మీదికి వస్తోంది. పడవవాడు తాడు ముడి వేసుకుంటూ తంటాలు పడుతున్నాడు. సుబ్బాయమ్మకి ఒళ్లు మండిపోయింది. అక్కడే పొడుగాటి వెదురు గెడ పడి ఉంది.

"ఇదిలా పట్టుకోండి మరిదిగారూ!" అని కుండ అతని చేతుల్లో పెట్టేసి, కొంగు దోపి గెడ అందుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వేసినట్టే వేసి, ఒంటి బరువంతా దాని మీద మోపింది. కొల్లేటి మనిషి గనకే అంత నమ్మకంగా ఒరిగింది. గంగలో అడుగేదీ? గెడ అలా దిగిపోతూనే ఉంది. దాని వెనకాలే సుబ్బాయమ్మ తలకిందులుగా నీళ్లలో పడింది.

అచ్యుతరావు కేకపెట్టి రెండు చేతులూ చాచాడు. ఒక చేతికి జుట్టు, ఒక చేతికి జబ్బ దొరికాయి. రాళ్ల పడవవాళ్లు తెడ్లతో ఈ పడవని పక్కకి నెట్టి తప్పుకుపోయారు. పురోహితుడూ పడవవాడూ తలో చెయ్యీ వేసి ఆమెని పైకి లాగారు.

దగ్గు తగ్గగానే ఆమె అడిగిన మొదటి మాట, "కుండేదండీ?"

అచ్యుతరావు చేతులు ఖాళీగా ఉన్నాయి. నీళ్ల మీద ఎర్రగుడ్డ జాడైనా లేదు. ఇన్నాళ్లూ ఆ కుండ కోసం తగువాడిన మనిషి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "తప్పయిపోయిందండీ వదినగారూ. మీరు పడిపోతుంటే నాకింకేమీ గుర్తు రాలేదండీ. అన్నయ్యని జారవిడిచేశానండీ."

సుబ్బాయమ్మ నీళ్లకేసి చూసింది. మొగుడు పోయిన రోజున కూడా నలుగురి ముందూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే మరిది చేతులు రెండూ పట్టుకుంది.

"ఊరుకోండి బాబూ. మీరున్నచోట మీ అన్నగారే ఉంటే, నన్ను మునిగిపోనిచ్చి కుండ పట్టుకు కూర్చునేవారా ఏంటండీ?"

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. ఇద్దరినీ దోసిలి పట్టమని, ఇద్దరి దోసిళ్లలోనూ గంగ పోసి, మంత్రం మొదలుపెట్టాడు.